వైరస్‌కి ఇంజను లేదు కదా, మరి కేంద్రకం దాకా ఎలా చేరుతుంది?

కణకుతూహలం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను జీవశాస్త్రం చెబుతాను. నిన్న క్లాసులో వైరస్ బొమ్మ గీసి మూడు బాణాలు వేశాను. ఒకటి, కణం పైపొరకి అతుక్కోవడం. రెండు, లోపలికి వెళ్ళి కేంద్రకం దాకా చేరడం. మూడు, తన డీఎన్‌ఏని కేంద్రకంలోకి దించడం. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఆ రెండో బాణాన్ని ఎవరు లాగుతారు?" అంది.

వైరస్‌కి కాళ్ళు లేవు, సొంతంగా శక్తి తయారుచేసుకునే ఏర్పాటు లేదు. నీళ్ళలో వేసిన రంగు చుక్కలా అదే పాకిపోతుందని చెప్పబోయి ఆగిపోయాను. సైటోస్కెలిటన్‌కి ఇందులో ఏదో పాత్ర ఉందని చదివిన గుర్తు. మా పుస్తకంలో దాని గురించి "కణానికి ఆకారాన్ని ఇచ్చేది" అని ఒక్క వాక్యం ఉంది, అంతే. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. ఎల్లుండి క్లాసులో ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి.

శోధని

చాలా మంచి ప్రశ్న వేసింది. ముందు రంగు చుక్క సంగతి తేల్చేద్దాం.

కణం లోపల గ్లాసులో నీళ్ళలా ఉండదు. ప్రొటీన్లు, రైబోజోములు, పొర సంచులు, వాటి మధ్య పోగుల వల, అన్నీ కలిసి ఇసుక వేస్తే రాలనట్టు ఉంటుంది. గ్లూకోజ్ లాంటి చిన్న అణువులు సందుల్లోంచి జారిపోతాయి. వంద నానోమీటర్ల వైరస్‌కి ఆ సందు దొరకదు, ఉన్నచోటే కొట్టుకుంటూ ఉంటుంది. హెర్పిస్ వైరస్ క్యాప్సిడ్, అంటే డీఎన్‌ఏని దాచుకున్న ప్రొటీన్ డబ్బా, నాడీకణపు ఆక్సాన్‌లో, అంటే దాని పొడవాటి తీగలో, కేవలం విసరణ వల్ల, అంటే ఆ రంగు చుక్కలా పాకడం వల్ల, 10 మిల్లీమీటర్లు జరగాలంటే 231 ఏళ్ళు పడుతుందని 2000లో వచ్చిన ఒక సమీక్షా వ్యాసం లెక్కగట్టింది. నిజానికి అది ఆ దూరాన్ని గంటల్లో దాటేస్తుంది. మీ అమ్మాయి అడిగింది ఈ తేడా గురించే.

సైటోస్కెలిటన్‌లో మూడు రకాల పోగులున్నాయి. ఆక్టిన్ పోగులు సన్నవి, సుమారు 7 నానోమీటర్ల మందం. ఇవి పైపొర కింద దట్టంగా అల్లుకుని ఉంటాయి. మైక్రోట్యూబ్యూల్స్ 25 నానోమీటర్ల గొట్టాలు, కణంలో దూర ప్రయాణాలన్నీ వీటి మీదే. మధ్యస్థ పోగులు 10 నానోమీటర్లవి, కణానికి గట్టిదనం ఇస్తాయి. పుస్తకంలో రాసిన "ఆకారం" నిజమే, కానీ ఈ పోగులు నిలబడి ఉండే స్తంభాలేమీ కావు. నిమిషాల్లో విడిపోతుంటాయి, మళ్ళీ పెరుగుతుంటాయి.

మైక్రోట్యూబ్యూల్‌కి దిక్కు ఉంటుంది. మైనస్ కొస మామూలుగా కేంద్రకం పక్కన, ఈ గొట్టాలు మొలిచే సెంట్రోసోమ్ దగ్గర, ప్లస్ కొస కణం అంచు వైపు. డైనీన్ అనే మోటార్ ప్రొటీన్ మైనస్ వైపు నడుస్తుంది. కైనెసిన్‌లలో ఎక్కువ భాగం ప్లస్ వైపు నడుస్తాయి. కైనెసిన్ వేసే ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణం వాడే శక్తి అణువు) ఖర్చు. ఆ ఏటీపీ కణానిది, మోటారు కణానిది, దారీ కణానిదే. వైరస్ తెచ్చుకునేది పట్టుకోవడానికి ఒక కొక్కెం మాత్రమే. లోపలికి వచ్చేటప్పుడు డైనీన్‌ని పట్టుకుంటుంది, బయటికి పోయేటప్పుడు కైనెసిన్‌ని. మీ రెండో బాణాన్ని లాగేది డైనీన్ అని చెప్పేయండి.

నాడీమార్గం

శోధని గారు హెర్పిస్ పేరెత్తారు కాబట్టి ఒక మాట కలుపుతాను. పెదవి మీద వచ్చే జ్వరపొక్కు ప్రతిసారీ దాదాపు అదే చోట ఎందుకు వస్తుందో పిల్లలకి చెబితే ఈ పాఠం మరిచిపోరు.

వైరస్ ముందు పెదవి చర్మకణాల్లో పెరుగుతుంది. అక్కడున్న నాడీ కొసలోకి దూరి, డైనీన్ పట్టుకుని, ముఖానికి స్పర్శ ఇచ్చే నాడుల కణాలు గుంపుగా ఉండే ట్రైజెమినల్ గాంగ్లియన్ దాకా వెళ్తుంది. అక్కడ కేంద్రకంలో నిద్రపోతుంది. ఏళ్ళ తర్వాత లేచినప్పుడు కొత్త వైరస్‌లు కైనెసిన్ పట్టుకుని అదే ఆక్సాన్ వెంట వెనక్కి వస్తాయి. వెళ్ళిన తీగ వెంటే తిరిగి రావడం వల్ల పొక్కు అక్కడే లేస్తుంది.

2021లో తేలిన ఇంకో సంగతి ఉంది, చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆక్సాన్ వెంట డైనీన్ తెచ్చేది సెంట్రోసోమ్ దాకానే. అక్కడి నుంచి కేంద్రకానికి చేరాలంటే సెంట్రోసోమ్‌కి దూరంగా, అంటే ప్లస్ వైపు కదలాలి. దానికి కైనెసిన్ కావాలి. హెర్పిస్ వైరస్ ఆ కైనెసిన్‌ని చర్మకణంలో ఉండగానే తనలో సర్దుకుని, నాడీకణంలోకి వచ్చాక వాడుతుంది. ఒక కణంలో ఎత్తుకొచ్చిన మోటారు ఇంకో కణంలో నడుస్తోందన్నమాట.

కణకుతూహలం

నాడీమార్గం గారూ, జ్వరపొక్కు ఉదాహరణ తప్పకుండా చెబుతాను. శోధని గారికి ఒక అనుబంధ ప్రశ్న. పైపొర కింద ఆక్టిన్ దట్టంగా అల్లుకుని ఉంటుందన్నారు. మైక్రోట్యూబ్యూల్ అందాలంటే ముందు ఆ వలని దాటాలి కదా? అది వైరస్‌కి అడ్డం కాదా?

శోధని

అడ్డమే. చాలామంది సైటోస్కెలిటన్‌ని వైరస్‌కి వేసిన రోడ్డులా మాత్రమే చూస్తారు, ఈ గోడ సంగతి మరిచిపోతారు. ఒక్కో వైరస్ ఒక్కోలా దాటుతుంది.

ఎక్కువ వైరస్‌లు కణం మింగే సంచుల్లో, అంటే ఎండోసోముల్లో కూర్చుని దాటేస్తాయి. ఆ సంచులకి దారి ఇవ్వడానికి కణమే ఆక్టిన్‌ని సర్దుతుంది. ఫ్లూ వైరస్ కదలికని 2003లో ఒక్కో వైరస్‌ని వేరుగా చూస్తూ గమనించినప్పుడు మూడు దశలు కనిపించాయి. మొదట అంచు దగ్గర ఆక్టిన్ మీద ఆధారపడిన నెమ్మది కదలిక, తర్వాత డైనీన్ పట్టుకుని కేంద్రకం వైపు ఒక్క పరుగు, ఆ తర్వాత అక్కడే ముందుకీ వెనక్కీ తచ్చాడటం.

హెచ్‌ఐవీ పద్ధతి వేరు. పైపొరతో నేరుగా కలిసిపోతుంది కాబట్టి సంచి సాయం ఉండదు. విశ్రాంతిలో ఉన్న టీ కణంలో దీని పైప్రొటీన్ బయటి నుంచే సంకేతం పంపి, కోఫిలిన్ అనే ప్రొటీన్‌ని మేల్కొలుపుతుందని 2008లో చూపించారు. ఆక్టిన్ పోగుల్ని తుంచడం కోఫిలిన్ పని.

ఇక కణం మీదకి చేరడానికి ముందే ఆక్టిన్‌ని వాడుకునేవీ ఉన్నాయి. కణం నుంచి వేళ్ళలా బయటికి పొడుచుకొచ్చే ఫిలోపోడియా లోపల ఆక్టిన్ పోగులు కణం వైపు జారుతూ ఉంటాయి. వేలి కొసన అంటుకున్న వైరస్ ఆ జారుడుతో పాటు బయటి తలం మీదే కణం దాకా వచ్చేస్తుంది. ఎలుకల ల్యుకేమియా వైరస్‌తో 2005లో ఇది స్పష్టంగా చూశారు.

రాత్రి_మైక్రోస్కోప్

నేను మూడేళ్ళుగా ఈ కదలికల్ని చూస్తున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను, క్లాసులో పనికొస్తుందేమో.

క్యాప్సిడ్‌కి పచ్చగా వెలిగే ప్రొటీన్ తగిలించిన హెర్పిస్ వైరస్‌ని కణాల మీద పోసి, డిష్‌ని ఐసు మీద పెడతాం. చలిలో వైరస్ అంటుకుంటుంది కానీ లోపలికి పోదు. తర్వాత ఒక్కసారిగా 37 డిగ్రీలకి తెస్తాం. అలా చేస్తే అన్నీ ఒకే సమయానికి బయల్దేరతాయి. గది చీకటి, స్క్రీన్ చీకటి. అంచు వెంట పచ్చటి చుక్కలు ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి. చాలాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒక చుక్క గీత గీసినట్టు కేంద్రకం వైపు దూసుకుపోతుంది. రెండు మూడు సెకన్లు వెళ్ళి ఆగుతుంది. కాస్త వెనక్కి వస్తుంది. మళ్ళీ ముందుకు. మొదటిసారి చూసినప్పుడు ఆ వెనకడుగు ఏదో పొరపాటనుకున్నాను. నిజానికి ఒకే క్యాప్సిడ్ మీద డైనీన్, కైనెసిన్ రెండూ ఎక్కి ఉంటాయి. ఎటు పోవాలన్నది వాటి లెక్కలో తేలుతుంది.

అదే డిష్‌లో నొకోడజోల్ వేశామనుకోండి. మైక్రోట్యూబ్యూల్స్ విడిపోతాయి. చుక్కలు ఎక్కడివక్కడ. వణుకు ఉంటుంది, పరుగు ఉండదు. మందు కడిగేస్తే నిమిషాల్లో గొట్టాలు మళ్ళీ పెరుగుతాయి, మళ్ళీ ఏదో ఒక చుక్క బయల్దేరుతుంది. కడిగిన తర్వాత ఆ మొదటి పరుగు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటాను, ఇప్పటికీ.

ఒక జాగ్రత్త. నొకోడజోల్ వేస్తే ఇన్ఫెక్షన్ సున్నా అయిపోతుందని పిల్లలకి చెప్పకండి. తగ్గుతుంది, ఆలస్యమవుతుంది, కొన్ని ఎలాగో చేరతాయి. కేంద్రకానికి దగ్గరగా దిగిన వైరస్‌కి దారి అంత అవసరం ఉండదు. మీటరు పొడవున్న నాడీకణంలో మాత్రం మైక్రోట్యూబ్యూల్ లేకపోతే గతి లేదు.

పశువైద్యం

రేబిస్ కూడా ఇలాగే కదండీ. మా చదువు రోజుల్లో రేబిస్ పీ ప్రొటీన్ నేరుగా డైనీన్‌లోని ఎల్‌సీ8 అనే భాగాన్ని పట్టుకుంటుందని, అదే దాని ప్రయాణ రహస్యమని చెప్పారు. కాటు కాలి మీద పడితే లక్షణాలు కనిపించడానికి ఎక్కువ రోజులు, ముఖం మీదైతే తక్కువ రోజులు పట్టడానికి కారణం కూడా ఈ ప్రయాణ దూరమే అని యజమానులకి చెబుతుంటాను.

నాడీమార్గం

దూరం సంగతి సరైనదే అండీ, అలాగే చెబుతూ ఉండండి. పీ ప్రొటీన్ కథ మాత్రం తర్వాత మారింది. 2000లో ఆ బంధం దొరికినప్పుడు అందరూ మీరన్నట్టే అనుకున్నారు. తర్వాత ఎల్‌సీ8ని పట్టుకునే ముక్కని తీసేసిన వైరస్‌ని ఎలుకల్లో పరీక్షిస్తే అది మెదడుకి చేరడం ఆగలేదు. ఆ ముక్క వైరస్ ఆర్‌ఎన్‌ఏ తయారీకి ఎక్కువగా ఉపయోగపడుతున్నట్టు తేలింది.

కొంచెం ఆలోచిస్తే కారణం కూడా అందుతుంది. లోపలి ప్రొటీన్‌కి ఒక రంగు, పైపొరకి ఇంకో రంగు వేసి చూస్తే ఆక్సాన్‌లో రెండు రంగులూ కలిసే వెళ్తున్నాయి. అంటే రేబిస్ వైరస్ పైపొర విప్పకుండా, మొత్తంగా, పొర సంచిలో కూర్చుని వెళ్తోంది. పీ ప్రొటీన్ వైరస్ లోపల ఉంది, వైరస్ సంచి లోపల ఉంది, డైనీన్ సంచి బయట ఉంది. చెయ్యి అందే దారే లేదు. సంచిని లాగించేది వైరస్ పైనున్న గ్లైకోప్రొటీన్, అది పట్టుకున్న నాడీకణపు రిసెప్టర్. పీ75 అనే రిసెప్టర్‌తో వెళ్ళినప్పుడు ప్రయాణం ఇంకా వేగంగా సాగుతుందని 2014లో చూపించారు.

హెర్పిస్ క్యాప్సిడ్ అలా కాదు, పైపొర విడిచి నేరుగా మోటారుని పట్టుకుంటుంది. రెండూ నాడి వెంటే వెళ్ళినా పట్టు వేరు.

పశువైద్యం

ఇన్నాళ్ళూ పాత మాటే పట్టుకుని ఉన్నాను. సంచి లోపల, సంచి బయట అన్న వివరణతో పూర్తిగా అర్థమైంది. ధన్యవాదాలండీ.

మందులమాట

చర్చ చదువుతుంటే ఒక ఆలోచన వచ్చింది. వైరస్‌లన్నీ ఈ దారి మీదే ఆధారపడితే, దారిని మూసేసే మందు ఇస్తే సరిపోదా? గౌట్‌కి వాడే కాల్చిసిన్ మైక్రోట్యూబ్యూల్స్‌ని కట్టే ట్యూబ్యులిన్ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది కదా. కోవిడ్‌కి కూడా వాడి చూశారు.

శోధని

కాల్చిసిన్‌ని కోవిడ్‌లో ప్రయత్నించింది ముఖ్యంగా వాపుని తగ్గించడానికి. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో ఆసుపత్రిలో చేరిన రోగులకి దానివల్ల ప్రయోజనం లేదని 2021లో తేలింది.

దారి మూసేయడంలో ఇబ్బంది ఏమిటంటే, ఆ దారి మీద వైరస్ కన్నా ముందు మనం బతుకుతున్నాం. కణ విభజనలో క్రోమోజోములు విడిపోవాలన్నా, నాడీకణంలో సరుకు కొస దాకా చేరాలన్నా, తెల్లరక్తకణం వైరస్ ఉన్నచోటికి పాకాలన్నా ఇవే పోగులు. క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్, ప్యాక్లిటాక్సెల్ మైక్రోట్యూబ్యూల్స్ మీదే పనిచేస్తాయి. అవి తీసుకునేవారికి చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కడం మామూలు, ఎందుకంటే పొడవాటి ఆక్సాన్లే ముందు దెబ్బతింటాయి. ఫ్లూకి అంత మూల్యం ఎవరూ చెల్లించలేరు.

నేను నమ్మేది ఒకటే. కొట్టాల్సింది కొక్కేన్ని, దారిని కాదు. దీనికి మంచి ఉదాహరణ పోక్స్ వైరస్‌లు. రాత్రి_మైక్రోస్కోప్ గారు వాటి తోకల గురించి రాస్తే బాగుంటుంది.

రాత్రి_మైక్రోస్కోప్

తప్పకుండా. మశూచి టీకాకి వాడిన వ్యాక్సీనియా వైరస్ ఇది. కణద్రవ్యంలోనే పెరుగుతుంది. తయారైన వైరస్ రెండు అదనపు పొరలు కప్పుకుని, ఏ36 అనే తన ప్రొటీన్‌తో కైనెసిన్‌ని పట్టుకుని అంచుకి చేరుతుంది. అక్కడ బయటి పొర కణం పైపొరలో కలిసిపోతుంది. వైరస్ బయటపడుతుంది కానీ విడిపోదు, కణం తలం మీదే అంటుకుని కూర్చుంటుంది.

అసలు విశేషం ఇప్పుడు మొదలవుతుంది. వైరస్ బయట ఉంది, ఏ36 దాని కిందే పైపొరలో మిగిలింది. కణంలోని సార్క్, ఏబీఎల్ అనే ఎంజైములు ఏ36కి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి ఎన్‌సీకే, ఎన్-వాస్ప్, ఆర్ప్2/3 అనే కణపు ప్రొటీన్లు వరసగా వచ్చి చేరతాయి. ఆర్ప్2/3 ఆక్టిన్ పోగుల్ని కొమ్మలు కొమ్మలుగా పెంచుతుంది. పైపొర వేలిలా లేచి, కొసన వైరస్‌ని మోస్తూ పక్క కణంలోకి పొడుచుకుపోతుంది. స్క్రీన్ మీద ఆక్టిన్‌కి ఎరుపు, వైరస్‌కి పచ్చ వేస్తే, పచ్చటి తల, వెనక ఎర్రటి తోక. ఇంతకుముందు నుంచీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆ వేళ్ళని చూస్తూనే ఉన్నారు కానీ, ఆక్టిన్ తోకే వైరస్‌ని తోస్తోందని 1995లో తెలిసింది.

ఇంకోటి. ఈ వైరస్ తన పునరుత్పత్తి వేగం కన్నా నాలుగు రెట్లు వేగంగా, 75 నిమిషాలకి ఒక కణం చొప్పున వ్యాపిస్తుంది. 2010లో దీనికి కారణం దొరికింది. సోకిన కణం తన తలం మీద ఏ33, ఏ36 ప్రొటీన్లని ముందే పెట్టేస్తుంది. కొత్తగా వచ్చి వాలిన వైరస్ కింద ఆ ప్రొటీన్లు ఆక్టిన్ తోకని లేపి, దాన్ని అవతలికి నెట్టేస్తాయి. ఇప్పటికే సోకిన కణంలో దానికి పని లేదు కాబట్టి, వైరస్ సోకని కణం దొరికే దాకా అలా ఎగిరెగిరి పోతూనే ఉంటుంది.

శోధని

మందుల విషయానికి ఇదే ఆధారం. ఏబీఎల్‌ని ఆపే ఇమాటినిబ్ అనే ల్యుకేమియా మందు ఇస్తే వ్యాక్సీనియా సోకిన ఎలుకల్లో వ్యాప్తి తగ్గిందని 2005లో చూపించారు. ఆక్టిన్‌ని ముట్టుకోలేదు, వైరస్ కణం తలం నుంచి విడిపోవడానికి కావలసిన సంకేతాన్ని మాత్రమే ఆపారు. టెకోవిరిమాట్ అనే మందు ఇంకో మెట్టు ముందు పనిచేస్తుంది. వైరస్ అదనపు పొరలు కప్పుకోవడాన్నే ఆపుతుంది. పొర లేకపోతే ఏ36 లేదు, ప్రయాణం లేదు. అమెరికాలో 2018లో మశూచికి దాన్ని ఆమోదించారు, జంతువుల ఫలితాల ఆధారంగా.

మందులమాట

ఒప్పుకుంటాను. కానీ అదే టెకోవిరిమాట్ కాంగోలో ఎంపాక్స్ రోగుల పుండ్లని త్వరగా మాన్పలేకపోయిందని 2024లో తేలింది కదా. కొక్కేన్ని కొట్టడం కూడా అంత సులువేం కాదు.

శోధని

నిజమే. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి వైరస్ అప్పటికే చాలా దూరం పోయి ఉంటుంది. వ్యాప్తిని ఆపే మందు ముందుగా ఇస్తేనే ఎక్కువ పనిచేస్తుంది. ఇక్కడ మీ అభ్యంతరం న్యాయమైనదే.

ఫేజ్‌ప్రియ

కాస్త పక్కకి వెళ్తున్నాను, మన్నించండి. అతిథి దారిని వాడుకోవడం గురించే మాట్లాడుతున్నారు. దారి కూడా తనే తెచ్చుకునే వైరస్ ఉంది. సూడోమోనాస్ బ్యాక్టీరియాని పట్టే కొన్ని పెద్ద ఫేజ్‌లకి, అంటే బ్యాక్టీరియా వైరస్‌లకి, ఫూజ్ అనే సొంత ట్యూబ్యులిన్ లాంటి ప్రొటీన్ ఉంది. దాంతో బ్యాక్టీరియా లోపల పోగులు అల్లి, తన డీఎన్‌ఏ ఉన్న గూడుని సరిగ్గా మధ్యలో నిలబెడతాయి. పైపొర దగ్గర తయారైన ఖాళీ క్యాప్సిడ్లు ఆ పోగుల వెంటే గూటి దాకా వచ్చి డీఎన్‌ఏ నింపుకుంటాయి. మోటారు ప్రొటీన్ ఏదీ లేదు. పోగు ఒక కొసన పెరుగుతూ ఇంకో కొసన కరుగుతూ ఉంటుంది, ఆ ప్రవాహంలోనే క్యాప్సిడ్ కదులుతుంది.

నాడీమార్గం

ఇది నాకు కొత్త. వెతికి చదువుతాను, థాంక్స్.

కణకుతూహలం

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ క్లాసు అయింది. బోర్డు మీద మైక్రోట్యూబ్యూల్ గీసి, ప్లస్ మైనస్ రాసి, డైనీన్‌ని బొమ్మలో పెట్టాను. జ్వరపొక్కు చెప్పగానే క్లాసంతా పెదవులు తడుముకున్నారు. ఆ అమ్మాయి మాత్రం మూడో బాణం దగ్గర మళ్ళీ ఆపింది. "కేంద్రకం రంధ్రం చిన్నది అన్నారు కదా మేడమ్. అంత పెద్ద డబ్బా అందులో పట్టదు. అక్కడ దాన్ని ఎవరు విప్పుతారు?"

శోధని

ఆ అమ్మాయిని పరిశోధన వైపు పంపండి మేడమ్, దయచేసి.

జవాబు వైరస్‌ని బట్టి మారుతుంది. హెర్పిస్ రంధ్రం మీద వాలి డీఎన్‌ఏని లోపలికి చిమ్మేస్తుంది, ఖాళీ డబ్బా బయటే ఉండిపోతుంది. ఆమె అడిగినట్టు డబ్బా ముక్కలయ్యేది అడినోవైరస్‌లో. దాని క్యాప్సిడ్ సుమారు 90 నానోమీటర్లు. డైనీన్ దాన్ని కేంద్రకం దాకా లాక్కొస్తుంది, అది రంధ్రం అంచునున్న నప్214 అనే ప్రొటీన్‌కి గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడు కైనెసిన్ వచ్చి క్యాప్సిడ్ మీది పీ9 ప్రొటీన్‌ని పట్టుకుని తన అలవాటు ప్రకారం కణం అంచు వైపు నడవడం మొదలుపెడుతుంది. ఒకవైపు రంధ్రం వదలదు, ఇంకోవైపు కైనెసిన్ ఆగదు. డబ్బా చిరిగిపోతుంది. రంధ్రంలోని కొన్ని ముక్కలు కూడా ఊడి కైనెసిన్‌తో పాటు పోతాయి, దాంతో ద్వారం మరింత వదులవుతుంది. డీఎన్‌ఏ లోపలికి వెళ్తుంది. 2011లో దీన్ని చూపించారు.

విప్పేది కూడా కణం మోటారేనని చెప్పండి. మూడో బాణం పక్కన వెనక్కి తిరిగిన ఇంకో చిన్న బాణం గీయండి, అది కైనెసిన్.